అక్వేరియం మొక్కలకు ఏ లైట్ కొనాలి? వాట్లు చూసి మోసపోకండి

ప్లాస్టిక్ మొక్కలు తీసేసి ట్యాంకులో అసలు మొక్కలు పెంచాలని చాలామందికి ఉంటుంది. ఇసుక వేస్తారు, నాలుగు వాలిస్నేరియా మొక్కలు నాటుతారు, పది గప్పీలు వదులుతారు. నెల తిరిగేసరికి రెండింట్లో ఒకటి జరుగుతుంది. ఆకులు పసుపు రంగుకు తిరిగి, మెత్తబడి, ముక్కలుగా నీళ్లలో తేలతాయి. లేదంటే మొక్కల సంగతి అల్లాకే తెలియాలి, గాజంతా పచ్చగా నాచు పట్టేస్తుంది.

దుకాణానికి వెళ్లి అడిగితే చాలాచోట్ల వినిపించే మాట ఒక్కటే: ‘లైట్ కమ్ హై భాయ్, బడా లగాలో’. సరే అని పెద్ద లైట్ పెడితే మొక్కలు ఎంత పెరుగుతాయో గానీ నాచు మాత్రం రెట్టింపవుతుంది, మీటరూ పరుగెత్తుతుంది. నెలకు 200 యూనిట్ల లోపు వాడి జీరో బిల్లు తీసుకుంటున్న ఇళ్లలో ఇది మరీ ఇబ్బంది. ఆ లెక్క కింద చూద్దాం. ముందు లైట్ బాక్స్ మీద రాసి ఉండే అంకెల అర్థం తెలుసుకోవాలి.

వాట్ అంటే వెలుగు కాదు

వాట్ అనేది లైట్ ఎంత కరెంటు తింటుందో చెబుతుంది. ఎంత వెలుగు ఇస్తుందో చెప్పదు. వెలుగుకు కొలత ల్యూమెన్. పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఇచ్చేది సుమారు 700 ల్యూమెన్లు. ఇప్పుడు 8 వాట్ల ఎల్‌ఈడీ బల్బు అంతే ఇస్తుంది. అంటే ఒక వాట్‌కు ఎన్ని ల్యూమెన్లు వస్తున్నాయన్నదే అసలు ప్రశ్న. ఫిలమెంట్ బల్బుకు 12 దాకా వస్తాయి. చోక్ పట్టీతో కలిపి చూస్తే పాత ట్యూబ్‌లైట్‌కు 50 నుంచి 70. మామూలు ఎల్‌ఈడీ బ్యాటెన్‌కు దాదాపు 100, మంచి రకానికి ఇంకా ఎక్కువ.

ట్యూబ్‌లైట్‌కు ఇంకో లోపం ఉంది. అది గుండ్రంగా అన్ని వైపులా వెలుగు చిమ్ముతుంది. పైకి పోయిన సగం వెలుగు హుడ్ మూతకు తగిలి వేడిగా మారుతుంది. వెనక మెరిసే రేకు లేకపోతే నీళ్లలోకి దిగేది తక్కువే. ఎల్‌ఈడీ ఒకే వైపు వెలుగు వేస్తుంది కాబట్టి అంకెల్లో కనిపించే తేడా కన్నా నీళ్లలో తేడా ఎక్కువగా ఉంటుంది.

పాత పుస్తకాల్లో, పాత దుకాణదారుల నోట్లో ‘గ్యాలన్‌కు ఇన్ని వాట్లు’ అన్న సూత్రం ఇంకా తిరుగుతోంది. అది ట్యూబ్‌లైట్ల కాలంలో పుట్టిన లెక్క. ఎల్‌ఈడీకి దాన్ని అంటగడితే అవసరానికి మించిన లైట్ కొనాల్సి వస్తుంది. అందులో అమ్మేవాళ్లకు నష్టమేమీ లేదు కదా!

మరో తిరకాసు. చవక అక్వేరియం లైట్ల బాక్స్ మీద 36 వాట్లని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, నిజంగా లాగేది 15 నుంచి 18 వాట్లే కావచ్చు. దీన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. మీ డిజిటల్ మీటర్ మీద 1600 లేదా 3200 ఇంపల్స్ అని రాసి ఉంటుంది. ఒక యూనిట్ ఖర్చయ్యేసరికి దాని మీది ఎర్ర దీపం అన్నిసార్లు మెరుస్తుందని అర్థం. ఫ్రిజ్‌తో సహా ఇంట్లో అన్నీ ఆపేసి ఆ లైట్ ఒక్కటే పావుగంట వెలిగించండి. 3200 మీటర్ 16 సార్లు మెరిసిందంటే ఆ లైట్ 20 వాట్లది. 28, 29 సార్లు మెరిస్తేనే బాక్స్ మీది 36 నిజం.

మన కన్ను వేరు, ఆకు వేరు

ల్యూమెన్‌లోనూ ఒక చిక్కు ఉంది. అది మనిషి కంటి కోసం తయారైన కొలత. మన కన్ను పసుపు కలిసిన ఆకుపచ్చ వెలుగును, అంటే 555 నానోమీటర్ల దగ్గరి రంగును, అన్నిటికంటే బాగా చూస్తుంది. అందుకే ఆ రంగు ఎక్కువగా ఉన్న లైట్‌కు ల్యూమెన్లు ఎక్కువ పడతాయి. ఆకులోని పత్రహరితం మాత్రం నీలం, ఎరుపు రంగుల్ని గట్టిగా పీల్చుకుంటుంది. ఆకుపచ్చ వెలుగు మొక్కకు పనికిరాదని కొందరు అంటారు గానీ అది పూర్తి నిజం కాదు. ఆకు కొంత భాగాన్నే వెనక్కి కొడుతుంది, మిగతాది వాడుకుంటుంది.

మొక్కకు పనికొచ్చే 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య వెలుగును ‘పార్’ అంటారు. ఒక చదరపు మీటరు మీద సెకనుకు అలాంటి కాంతి కణాలు ఎన్ని పడుతున్నాయో మైక్రోమోల్స్‌లో కొలుస్తారు. మొక్కల ట్యాంకులు పెంచేవాళ్లు వాడే ఉజ్జాయింపు లెక్క ఇది. ట్యాంక్ అడుగున 20, 30 వస్తే తక్కువ వెలుగు. 40, 50 వస్తే మధ్యస్తం. 60 దాటితే ఎక్కువ. పేరున్న అక్వేరియం లైట్ల కంపెనీలు ఎంత లోతులో ఎంత పార్ వస్తుందో పట్టిక ఇస్తాయి. ఆ పట్టిక లేకుండా ‘ఫుల్ స్పెక్ట్రమ్’ అన్న మాట ఒక్కటే ఉంటే దానికి అదనంగా డబ్బు పెట్టకండి. తెల్ల వెలుగు ఇచ్చే ఏ ఎల్‌ఈడీ మీదైనా ఆ మాట అచ్చు వేయొచ్చు.

పార్ మీటర్ ఖరీదైనది, మామూలు ఇంటికి అక్కర్లేదు. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని, నీళ్లు పోయకముందే ఖాళీ ట్యాంక్ అడుగున ఫోన్ పెట్టి చూడండి. 6500 కె తెల్ల ఎల్‌ఈడీ అయితే వచ్చిన లక్స్‌ను 70తో భాగిస్తే పార్ ఉజ్జాయింపుగా వస్తుంది. 2000 లక్స్ అంటే దాదాపు 28, 3500 అంటే 50. ఎరుపు, నీలం దీపాలు విడివిడిగా ఉన్న లైట్లకు ఈ లెక్క పనిచేయదు.

ఇంతకీ 6500 కె అంటే? వెలుగు రంగుకు గుర్తు. 2700, 3000 అయితే పెళ్లి మండపంలో కనిపించే పసుపు, 6500 అయితే పగటి వెలుతురు లాంటి తెలుపు. మొక్కలు రెండింటితోనూ పెరుగుతాయి. 5000 నుంచి 7000 మధ్యది కొంటే నీళ్లు మురికిగా కనిపించవు. బాగా నీలంగా ఉండే 10000, 14000 రకాలు సముద్రపు నీటి ట్యాంకుల కోసం. చవకగా వస్తున్నాయని వాటిని మంచినీటి మొక్కల మీద పెట్టొద్దు.

మొక్క ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి

లైట్ కంటే ముందు తేల్చుకోవాల్సింది మొక్క. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు, లైట్ కొన్నాక మొక్కలు వెతుకుతారు. అనూబియాస్ ఆఫ్రికా అడవుల్లో చెట్ల నీడన పారే వాగుల ఒడ్డు మొక్క. క్రిప్టోకొరైన్, జావా ఫెర్న్ మన దక్షిణాసియా, ఆగ్నేయాసియా వాగులవి. ఇవి నీడకు అలవాటు పడ్డ జాతులు, తక్కువ వెలుగులో హాయిగా బతుకుతాయి. జావా మాస్‌దీ అదే దారి. అనూబియాస్ మీద పెద్ద లైట్ పెడితే అది వేగంగా పెరగదు, దాని ముదురు ఆకుల మీద నాచు చుక్కలు పడతాయి, అంతే.

వాలిస్నేరియా, హైడ్రిల్లా మధ్య రకం. రొటాలా సంగతి వేరు. ఈ జాతి మొక్కలు మన వరి మళ్లలో కలుపుగా కూడా మొలుస్తాయి. నడి ఎండలో పెరిగేదాన్ని తెచ్చి గది మూలన 10 వాట్ల కింద పెడితే తీగలా సాగి, కింది ఆకులు రాలుస్తుంది. ఎర్రగా అయితే అసలే మారదు. ఎర్ర లుడ్విజియా, ఆల్టర్నాంథెరా, నేల మీద తివాచీలా పరుచుకునే మాంటె కార్లో, హెయిర్ గ్రాస్ కూడా ఈ కోవలోవే.

ఇప్పుడు లెక్క. ట్యాంక్ అడుగున్నర లోతు లోపు ఉంటే, నీళ్ల లీటరుకు 10 నుంచి 20 ల్యూమెన్లు నీడ మొక్కలకు చాలు. మధ్య రకానికి 20 నుంచి 40. తివాచీ మొక్కలకు 40 పైన. మనకు ఎక్కువగా దొరికే రెండడుగుల ట్యాంక్ 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు అనుకుందాం. గుణిస్తే 65 లీటర్లు వస్తుంది. ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే 50 నుంచి 55. నీడ మొక్కలకు లీటరుకు 20 వేసుకున్నా 1100 ల్యూమెన్లు చాలు. ట్రూప్ బజార్‌లో గానీ, కోఠీ గుజరాతీ గల్లీలో గానీ దొరికే రెండడుగుల 10 వాట్ల బ్యాటెన్ ఒకటి సుమారు 1000 ల్యూమెన్లు ఇస్తుంది. ఒకటి పెడితే అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్ నడుస్తాయి. రెండు పెడితే వాలిస్నేరియా, హైడ్రిల్లా కూడా. ‘స్పెషల్ అక్వేరియం లైట్’ అన్న పేరుకు అదనపు డబ్బు ఇక్కడ దండగ.

అయితే తివాచీ, ఎర్ర మొక్కలు కావాలంటే నేను బ్యాటెన్ చెప్పను. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు దీపాలు కలిపి, వెలుగు తగ్గించి పెంచే డిమ్మర్‌తో వచ్చే అక్వేరియం లైట్లే మేలు. ధర వేలల్లో ఉంటుంది. వీటిలోని ఎరుపు దీపం మొక్కకు ఎంత పనికొస్తుందో, ఎర్ర ఆకును, చేప రంగును మన కంటికి అందంగా చూపడానికీ అంతే పనికొస్తుంది. డబ్బులో కొంత కంటి సంతోషానికని తెలిసి పెట్టడంలో తప్పేమీ లేదు.

ఒక చిన్న ముచ్చట. మొక్కల ట్యాంకును కళగా మార్చి ప్రపంచానికి చూపిన జపాన్ ఫొటోగ్రాఫర్ పేరు తకాషి అమానో. 1982లో సొంత కంపెనీ పెట్టారు, 2015లో చనిపోయారు. ఆయన ట్యాంకుల మీద 150 వాట్ల మెటల్ హలైడ్ దీపాలు వేలాడేవి. ఆ వేడిని, ఆ బిల్లును తప్పించింది నీలం ఎల్‌ఈడీ. దాని మీద పసుపు పొడి పూత వేస్తేనే తెల్ల వెలుగు వస్తుంది. ఆ నీలం ఎల్‌ఈడీకి 2014లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న ముగ్గురు శాస్త్రవేత్తల్లో ఒకరి పేరూ అమానోనే, హిరోషి అమానో.

200 యూనిట్ల గీత

తెలంగాణలో గృహజ్యోతి కింద అర్హత ఉన్న రేషన్ కార్డు కుటుంబాలకు 2024 నుంచి నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. 200 దాటిన నెలలో దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి. ఇక్కడే ట్యాంక్ లైట్ ఇంటి బడ్జెట్‌లోకి వస్తుంది.

నాలుగడుగుల ట్యాంక్ ఉన్న ఇల్లు తీసుకుందాం. మీద రెండు పాత 36 వాట్ల ట్యూబ్‌లైట్లు. చోక్ పట్టీతో కలిపి ఒక్కోటి 48 వాట్ల దాకా లాగుతుంది. రెండూ కలిపి 96. రోజుకు 10 గంటలు వెలిగితే నెలకు దాదాపు 29 యూనిట్లు. ఇంట్లో మిగతా వాడకం 180 అయితే మొత్తం 209. జీరో బిల్లు పోయింది. 200 దాటిన ఇళ్లకు 2022లో పెట్టిన రేట్ల ప్రకారం మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసల చొప్పున 1020, ఆపై 9 యూనిట్లకు 7 రూపాయల 70 పైసల చొప్పున 69. ఫిక్స్‌డ్ చార్జీలు కాకుండానే 1089 రూపాయలు.

అదే ట్యాంక్ మీద రెండు 20 వాట్ల నాలుగడుగుల ఎల్‌ఈడీ బ్యాటెన్లు పెట్టి రోజుకు 7 గంటలు వెలిగించండి. నెలకు 8.4 యూనిట్లు. ఇంటి మొత్తం 188. బిల్లు సున్నా. ఈ ఆదాలో ఒక సంగతి గమనించాలి. తగ్గిన 20 యూనిట్లలో దాదాపు 9 యూనిట్లు గంటలు తగ్గించినందుకే తగ్గాయి, లైట్ మార్చినందుకు మిగతా 12. అంటే ఇవాళ కొత్త లైట్ కొనే డబ్బు లేకపోయినా ఒక టైమర్ పెట్టుకుంటే సగానికి దగ్గరగా ఆదా అవుతుంది.

జీరో బిల్లు లేని ఇంటికైనా ఇది లాభమే. నెలకు 20 యూనిట్లంటే యూనిట్ 5 రూపాయల చొప్పున 100 రూపాయలు. రెండు బ్యాటెన్లకు 600 ఖర్చయిందనుకుంటే ఆరు నెలల్లో తిరిగొచ్చేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లు తమ శ్లాబు రేటు పెట్టి ఇదే లెక్క వేసుకోవచ్చు.

ఎల్‌ఈడీకి మారాక ట్యాంకులో పెద్ద ఖర్చు లైట్ కాదు, మోటారు. 15 వాట్ల ఫిల్టర్ 24 గంటలూ తిరిగితే నెలకు 10.8 యూనిట్లు. అలాగని రాత్రిళ్లు ఫిల్టర్ ఆపకండి. చేపల వ్యర్థాన్ని శుద్ధి చేసే సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి, ప్రవాహం ఆగితే వాటికి ఆక్సిజన్ అందదు. తగ్గించుకోవాలనుకుంటే తక్కువ వాట్ల మోటారు కొనడమే దారి.

నాచు ఎందుకు వస్తుంది

మొక్కకు వెలుగు ఒక్కటే చాలదు. కార్బన్ డయాక్సైడ్ కావాలి, నైట్రేట్, పొటాషియం, ఐరన్ లాంటి పోషకాలు కావాలి. గాలిలో కంటే నీళ్లలో వాయువుల కదలిక దాదాపు 10 వేల రెట్లు నెమ్మది. మామూలు ట్యాంక్ నీళ్లలో కరిగి ఉండే కార్బన్ డయాక్సైడ్ చాలా కొంచెం. వెలుగు పెంచితే మొక్క ఆకలి పెరుగుతుంది, తిండి మాత్రం అంతే ఉంటుంది. మొక్క ఆగిపోతుంది. అతి తక్కువ తిండితో బతికే నాచు ఆ మిగిలిన వెలుగును అందుకుంటుంది. అందుకే సిలిండర్‌తో కార్బన్ డయాక్సైడ్ ఎక్కించేవాళ్లు తప్ప ఎవరూ ఎక్కువ వెలుగు జోలికి పోకూడదు. ‘బడా లగాలో’ సలహాలో లోపం ఇదే.

గంటలకూ ఇదే సూత్రం. సిలిండర్ లేని ట్యాంకుకు 6 నుంచి 8 గంటలు చాలు. అవి పొద్దున్నే మొదలవ్వాలని లేదు. అందరూ ఇంట్లో ఉండే సాయంత్రం 4 నుంచి రాత్రి 11 దాకా పెట్టుకున్నా మొక్కకు అభ్యంతరం లేదు. రోజూ ఒకే వేళ ఉండటం ముఖ్యం. చేతితో వేసి ఆపే ఇళ్లలో చుట్టాలు వస్తే అర్ధరాత్రి దాకా వెలుగుతుంది. రంజాన్‌లోనైతే ఇల్లంతా సెహ్రీ దాకా మేలుకునే ఉంటుంది, దానితోపాటు ట్యాంకూ. పండగ నాటికి గాజు పచ్చబడటానికి కారణం చాలా ఇళ్లలో అదే. చేపకూ రాత్రి చీకటి అవసరం. ప్లగ్‌లో పెట్టే టైమర్ ఒక్కటి ఈ బాధ తీరుస్తుంది. కిటికీ ఎండ నేరుగా పడే చోట ట్యాంక్ ఉంటే ఆ గంటలను కూడా లెక్కలో కలపాలి. చోటు మార్చడం ఇంకా మంచిది.

హైదరాబాద్ బోరు నీళ్లు వాడేవాళ్లు గాజు మూతను వారానికోసారి తుడవాలి. ఎండిన సున్నపు మరకలు వెలుగును మింగేస్తాయి. చాలామంది లైట్ పాతబడిందనుకుంటారు గానీ మురికిపట్టింది మూతే.

తడి, కరెంటు

బ్యాటెన్ చవకే గానీ నీటి తుంపర కోసం చేసింది కాదు. దాని మీద ఐపీ 20 అని ఉంటుంది, అంటే తడి నుంచి రక్షణ లేదు. గాజు మూత పైన, లేదా నీటికి ఎత్తులో వేలాడదీసి మాత్రమే వాడాలి. నీటికి ఆనుకుని ఉండే లైట్‌కు కనీసం ఐపీ 65, నీళ్లలో పడే అవకాశం ఉంటే 67 ఉండాలి. ప్లగ్ బోర్డు ట్యాంక్ కంటే ఎత్తులో ఉండాలి. కుదరకపోతే వైరును బోర్డు కంటే కిందికి వంకీలా వేలాడనిచ్చి పైకి తీసుకెళ్లాలి. అలా చేస్తే వైరు వెంట జారిన నీటి చుక్క నేల మీద పడుతుంది, ప్లగ్‌లోకి వెళ్లదు. ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆపడం పిల్లలకు కూడా నేర్పండి. బీఐఎస్ ముద్ర లేని అడాప్టర్లతో వచ్చే లైట్లు ఎంత చవకైనా వద్దు.

ఎల్‌ఈడీ కూడా వేడెక్కుతుంది, కాకపోతే వెనక వైపు. అందుకే వెనక అల్యూమినియం ఉన్నది చూసి కొనండి. మూసిన హుడ్‌లో బిగించినప్పుడు గాలి ఆడే రంధ్రాలు ఉంచండి. మే నెలలో గది వేడికే నీళ్లు 30 డిగ్రీలు దాటుతాయి, దానిపై లైట్ వేడి కూడా చేరితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. 25 వేల గంటల ఆయుష్షు అని రాసిన లైట్ రోజుకు 7 గంటల చొప్పున దాదాపు పదేళ్లు రావాలి. చాలాసార్లు దీపాలు బాగానే ఉంటాయి, లోపలి డ్రైవర్ ముందు పోతుంది. విడిగా డ్రైవర్ మార్చుకునే వీలున్న రకం దొరికితే అదే తీసుకోండి.

కొత్త లైట్ పెట్టిన మొదటి రెండు వారాలు రోజుకు 5 గంటలే వెలిగించండి. గాజు శుభ్రంగా ఉంటే వారానికి అరగంట చొప్పున పెంచండి. నాచు కనిపించిన చోట ఆగి, ఒక అరగంట వెనక్కి రండి. మీ ట్యాంకుకు సరిపడే గంటలు అవే.